బూడిదతో తోమిన సీసాలు

1947 మే 12, సోమవారం, ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలు.

ఇంత కచ్చితంగా చెప్పడానికి నా జ్ఞాపకశక్తి కారణం కాదు. మా గదిలోకి ఏ కాయ వచ్చినా, అది వచ్చిన వేళ, తెచ్చినవారి పేరు, కాయల లెక్క పుస్తకంలో రాయడం నా పని. ఆ ఉదయం నేను రాసింది ఇది: "కోటేశ్వరమ్మ గారు, విస్సన్నపేట దారి తోట. టెంక పాతితే వచ్చిన మామిడి చెట్టు కాయలు నాలుగు, మాగినవి. తొక్క ఎరుపు. చెట్టు ఉంచాలా, కొట్టెయ్యాలా అని అడుగుతున్నారు."

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. మా నాన్న మిషన్ బడిలో మాస్టారు. మద్రాసులో రసాయనశాస్త్రం చదివి, నూజివీడుకు రెండు మైళ్ళ అవతల తోటల మధ్య ఉన్న ఓ చిన్న పండ్ల పరిశోధన కేంద్రంలో చేరి ఏడు నెలలైంది. రెండు గదులు, ఒక బావి, పదహారు ఎకరాల తోట. ఆ కేంద్రం ఇప్పుడు లేదు. నేను ముప్పై మూడేళ్ళు ఈ పని చేశాను. ఎప్పుడు ఏ హోదా వచ్చిందో ఇక్కడ రాయను, దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. పండ్ల పరీక్షగదుల్లోకి కొత్తగా వెళుతున్న పిల్లల కోసం రాస్తున్నాను కాబట్టి, నాకు పని నేర్పిన ఒక్క చెట్టు సంగతి చెబుతాను.

కోటేశ్వరమ్మ గారికి యాభై దాటి ఉంటాయి. భర్త పోయాక తోట ఆవిడే చూసుకునేవారు. తట్ట దించి, నన్ను పైనుంచి కిందికి చూశారు.

"పెద్దాయన లేరా?"

"పొలంలో ఉన్నారండి. నాతో చెప్పొచ్చు."

"నీతోనా? చదువుకున్నదానివేనా?"

"చదువుకున్నానండి."

"సరే అయితే, విను. ఈ చెట్టు మా అత్తగారు టెంక పాతితే మొలిచింది. కాయంతా ఇట్టా నెత్తురు పూసినట్టుంటది. తీపి బాగానే ఉంటది. మా షావుకారు మాత్రం ఇది తెగులంటాడు, పక్క చెట్లకి అంటుకుంటదంటాడు. ఇది కొట్టేస్తేగాని తోటలో కాయ ముట్టుకోనన్నాడు. వానలు పడేలోగా తేల్చాలి. తెగులేనా, కాదా? ఆ ఒక్క ముక్క చెప్పండి చాలు."

ఆ ఒక్క ముక్క చెప్పడమే నా ఉద్యోగం.

రంగు ఎక్కడ ఉంటుంది

మామిడి తొక్కలో మూడు రంగులుంటాయని మొదట తెలుసుకోవాలి. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. ఆకుపచ్చ క్లోరోఫిల్, పసుపు కెరోటిన్. ఈ రెండూ నీళ్ళలో కరగవు. ఎరుపు వేరే జాతి. దాన్ని ఆంథోసయనిన్ అంటారు. అది తొక్కలోని కణాల రసంలో కరిగి ఉంటుంది, నీళ్ళు కలిపిన స్పిరిట్‌లో నానబెడితే బయటికి వస్తుంది. పులుపు తగిలితే ఎర్రగా నిలుస్తుంది. క్షారం తగిలితే నీలం, ఆకుపచ్చ అయి చివరికి చెడిపోతుంది.

మా ప్రాంతంలో అప్పటికి ఒక నమ్మకం ఉండేది. గడ్డిలో మాగేసినప్పుడు వేడికి కాయ ఎర్రబడుతుందని. అది నిజం కాదు. ఎరుపు చెట్టు మీదే తయారవుతుంది. గడ్డిలో జరిగేది పైనున్న ఆకుపచ్చ పోవడం. అది పోయాక కింద ఉన్నది కనిపిస్తుంది. పచ్చికాయ మీద ఎరుపు, ఆకుపచ్చ కలిసి నల్లగా, కమిలినట్టు కనిపిస్తాయి. షావుకారు తెగులన్నది ఆ నలుపునే.

మే 15న నేను ఆ తోటకు వెళ్ళి కాయలు లెక్కబెట్టాను. మొత్తం రెండు వందల పన్నెండు. వాటిలో అరవై ఒకటి కొమ్మల లోపల, ఎండ సరిగా పడని చోట ఉన్నాయి. వాటి మీదా అదే నల్లటి ఎరుపు ఉంది. మాకు తెలిసిన సువర్ణరేఖలో ఎండ తగిలిన చెంప మాత్రమే ఎర్రబడుతుంది, నీడ కాయ పసుపుగానే మిగిలిపోతుంది. ఇక్కడ నీడలోనూ ఎరుపు ఉంది. అంటే ఇది ఎండ చేసిన పని కాకపోవచ్చు, చెట్టు పుట్టుకలోనే ఉండి ఉండొచ్చు. ఈ మాట నేను ఆ రోజే పుస్తకంలో రాసుకున్నాను. రాసుకుని, తొమ్మిది రోజుల తర్వాత దానికి విరుద్ధంగా కాగితం రాశాను.

ఉత్తరం

పరీక్షకు పండబారిన కాయలు పన్నెండు తెచ్చి రెండు రోజులు మాగేశాను. మా గదిలో మద్రాసు నుంచి వచ్చిన మంచి గాజుకుప్పె ఒక్కటే ఉండేది. మిగతావి మందుల సీసాలు. ఆమ్లం బుడ్డి రైల్లో పగిలిపోయింది, కొత్తది రాలేదు. ఆమ్లం లేకపోయినా ఎరుపు కనిపించకపోదులే అనుకున్నాను. సువర్ణరేఖ తొక్క కుప్పెలో వేశాను, కోటేశ్వరమ్మ గారి కాయల తొక్క సీసాల్లో వేశాను, అన్నిటిలోనూ స్పిరిట్ పోశాను. ఇది మే 17న.

కుప్పెలోది గులాబీ రంగులో దిగింది. సీసాల్లోది పసుపు కలిసిన ఆకుపచ్చగా దిగింది, రెండో రోజుకు మురికి గోధుమరంగు అయింది. మూడు సీసాలూ అంతే.

ఎరుపు లేదు, ఇది కమిలిన తొక్క, జబ్బు అయ్యుండొచ్చు అని తేల్చాను. మే 24, శనివారం, మా అధికారి శేషాచలం గారి ముందు కాగితం పెట్టాను. ఆయన చెట్ల తెగుళ్ళు ఆకు చూసి చెప్పగలిగినవారు. రసాయనమంటే మాత్రం దూరంగా ఉండేవారు.

"ఖాయమేనా సుగుణ గారూ?"

"మూడు సీసాలండి. మూడూ ఒకటే చెప్పాయి."

"అయితే రాసేద్దాం" అని, చెట్టు కొట్టెయ్యమని కోటేశ్వరమ్మ గారికి వెళ్ళే ఉత్తరం మీద సంతకం పెట్టేశారు.

మూడు సీసాలు మూడు సాక్షులు కావు. మూడింటినీ ఒకే చెయ్యి కడిగినప్పుడు అవి ఒక్క సాక్షే. ఆయన ఒక్క ప్రశ్న వేసి ఉంటే, సువర్ణరేఖను కూడా అదే సీసాలో వేశారా అని అడిగి ఉంటే, ఉత్తరం ఆగేది. మిమ్మల్ని ప్రశ్నించని పైఅధికారి దొరికితే సంతోషించకండి. ఆయన మంచివారే, నాకు చాలా నేర్పారు. అయినా ఈ మాట రాయకుండా వదలను. తప్పు మాత్రం ఆయనది కాదు, నాది.

సుబ్బమ్మ చేతులు

సుబ్బమ్మ మా గదులు ఊడ్చి, సామాను కడిగేది. జూన్ 4, బుధవారం, పదిగంటలప్పుడు బావి దగ్గర సీసాలు తోముతోంది. ఆ రోజు ఇంట్లో పసుపు దంచి వచ్చిందేమో, చేతులు పచ్చగా ఉన్నాయి. కాసేపటికి చూస్తే అరచేతులు ఎర్రగా కనిపించాయి. గాజు గుచ్చుకుందనుకుని కంగారుగా వెళ్ళాను.

"ఏమైంది సుబ్బమ్మా, తెగిందా?"

"తెగలేదమ్మగారూ. బూడిదకండీ. పసుపు చేత్తో బూడిద ముట్టుకుంటే ఎర్రబడుద్దిగా. పారాణిలో సున్నం కలిపినట్టే. మీకు తెలవదా? అంత చదివారు!"

"సీసాలు బూడిదతో తోముతున్నావా?"

"మరి దేంతో తోముతానండీ? ఇంట్లో ఇత్తడీ దాంతోనే, ఇక్కడ గాజూ దాంతోనే. లోపలికి చెయ్యి పట్టదని బూడిదా ఇసకా పోసి గిలక్కొట్టి, ఒక్కసారి తొలిపి బోర్లిస్తా. బాయిలో నీళ్ళు అడుగంటినయ్యి, రెండోసారికి యాడ తెచ్చేది?"

"ఆ మద్రాసు కుప్పె?"

"అమ్మో! అది పగిలితే నా ఉద్యోగం పోద్దని మీరే అన్నారుగా. దాన్ని నేను ముట్టుకోను. అది మీరే కడుక్కుంటారు."

కట్టె బూడిద క్షారం. పసుపును ఎర్రగా మార్చేది అదే, ఎరుపును ఆకుపచ్చగా మార్చేదీ అదే. నేను గదిలోకి పరుగెత్తాను. పద్దెనిమిది రోజుల నాటి సీసా ఒకటి ఇంకా పారబోయలేదు. ఒక గుక్కెడు గాజు గ్లాసులో పోసి, పక్క చెట్టు నుంచి నిమ్మకాయ కోసి పిండాను. మురికి రంగు అడుగున పలచగా గులాబీ తేలింది. చాలావరకు చెడిపోయింది, చెడకుండా మిగిలింది ఆ కాస్తే. గూట్లో మిగిలిన ఎండు తొక్క ఒకటి కుప్పెలో వేసి నిమ్మరసం కలిపితే పావుగంటలో మందారపువ్వు రంగు దిగింది.

శేషాచలం గారిని పిలిచి చూపించాను. ఆయన కుప్పెను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశారు.

"ఉత్తరం మీద సంతకం నాది" అన్నారు. "కానీ వెళ్ళి చెప్పాల్సింది మీరు. వెళ్ళండి. బస్సు పదకొండుకే."

సగం నరికిన చెట్టు

అప్పటికింకా మా దారిలో పెట్రోలు బదులు బొగ్గుతో నడిచే బస్సులే తిరిగేవి. ఎత్తు వచ్చినప్పుడల్లా ఆగి ఊపిరి పీల్చుకునేవి. దిగి, తోటకు మైలున్నర నడిచేసరికి ఒంటిగంట పావు. గొడ్డలి చప్పుడు దూరం నుంచే వినిపించింది.

మూడు పెద్ద కొమ్మల్లో రెండు నేల మీద ఉన్నాయి. కాయలు పగిలి చీమలు పట్టాయి. చెట్టు మొదలులోకి మూడో వంతు మేర గొడ్డలి దిగింది. కోటేశ్వరమ్మ గారు గట్టు మీద కూర్చుని చూస్తున్నారు.

"ఆపమనండి!" అని అరిచాను. నరికేవాళ్ళు ఆవిడవైపు చూశారు. ఆవిడ చెయ్యెత్తారు. ఆపారు.

"ఏంటమ్మాయ్? నీ ఉత్తరం ప్రకారమే కదా చేస్తున్నాం."

"ఆ ఉత్తరం తప్పండి. చెట్టుకు తెగులు లేదు. అది అసలు రంగే. తప్పు నాది."

"తప్పంటే?"

"సీసా వల్ల అండి. సీసాలో బూడిద..."

"సీసా కడగలేదా?"

"కడిగారండి. అదే తప్పు."

ఆవిడ నవ్వలేదు. ఓ కూలీ మాత్రం నవ్వాడు. ఆవిడ అతనివైపు చూసిన చూపుకు ఆ నవ్వు ఆగిపోయింది.

"మా అత్తగారు నాటిన చెట్టమ్మా ఇది. నలభై ఒక్క ఏళ్ళు. షావుకారు మాట మీద కొట్టను, చదువుకున్నోళ్ళని అడిగి కొడతానని పంతం పట్టా. అందుకే మీ దగ్గరికొచ్చా. షావుకారన్నదే నువ్వూ అన్నావు. ఇప్పుడొచ్చి కాదంటన్నావు. ఇదిగో, రెండు కొమ్మలు కింద ఉన్నయ్యి. వీటిని నీ నిమ్మకాయ అతికిద్దా?"

నిలిచి ఉన్న మూడో కొమ్మ చూపించి అడిగాను:

"ఆ ఒక్క కొమ్మా నాకు డెబ్భై రోజులు ఇవ్వండి. అంట్లు కడతాం."

"టెంకలు ఇన్ని పడున్నయ్యి. మళ్ళీ పాతుకుంటే రాదా?"

"రావచ్చు, రాకపోవచ్చండి. టెంకలో తల్లి చెట్టు సగమే. మిగతా సగం ఏ చెట్టు పూతదో మనకు తెలీదు. ఒక్కో టెంక ఒక్కో రకం అవుతుంది. అంటు కడితేనే ఇదే చెట్టు."

"అదీ నిజమేలే. నాకు నలుగురు పిల్లలు, నాలుగు రంగులు" అన్నారు. కొంచెం మెత్తబడ్డారు. "నీ మాట నమ్మి కాదు. మా అత్తగారి మీద అభిమానంతో ఇస్తున్నా. షావుకారుతో నేను మాట్లాడుకుంటాలే, రెండు కొమ్మలు కొట్టాను, అంతటితో ఊరుకోమని."

ముప్పై కుండీలు

అంట్లు కట్టేది మా వీరయ్య. ఈ పనిలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాళ్ళు లేరు. ఏడాది వయసు మొక్కల్ని కుండీల్లో పెంచి, వాటిని చెట్టు దగ్గరికే తీసుకెళ్ళి, పందిరి మీద నిలబెట్టి, మొక్క కాండాన్నీ చెట్టు కొమ్మనూ ఒకేలా చెక్కి, రెండు గాయాలూ ఒకదానికొకటి అంటేట్టు అరటినారతో కట్టాలి. రెండూ కలిసేదాకా కుండీకి నీళ్ళు పోయాలి. కలిశాక కింది నుంచి కోసి తెచ్చుకోవాలి. అంతవరకూ తల్లి చెట్టు బతికి ఉండాలి.

వీరయ్య ముందు చెట్టు మొదలు మీద ఉన్న గొడ్డలి గాయం చూశాడు. బంకమన్నూ పేడా కలిపి నింపాడు, మీద గోనెగుడ్డ చుట్టాడు, రెండు తాటిదుంగలు ఊతం పెట్టాడు.

"ఏం వీరయ్యా, నిలుస్తుందా?"

"నిలబడాలనే ఉంది దానికి. గాలేమంటదో చూడాలమ్మాయిగారూ. ఇంకో మాట. ఈ కుండీలకి మీరు మాత్రం బూడిద తేమాకండి." ఆ సంగతి అప్పటికే కేంద్రమంతా తెలిసిపోయింది. సంవత్సరం పాటు నన్ను ఈ మాటతో ఏడిపించాడు.

జూన్ 9న మొదలుపెట్టి మూడు రోజుల్లో ముప్పై కుండీలు కట్టాం. నీళ్ళు వంతులవారీగా పోశాం. కోటేశ్వరమ్మ గారు నాతో మాట్లాడేవారు కాదు. నేను రాలేని రోజుల్లో కుండీలు తడిగానే ఉండేవి. ఎవరు పోశారని నేను అడగలేదు.

జులై 27, ఆదివారం, మధ్యాహ్నం గాలి వచ్చింది. పందిరి ఒక పక్క ఒరిగి తొమ్మిది అంట్లు చీలిపోయాయి. ఆగస్టు 15న మా కేంద్రంలో జెండా ఎగరేసి మిఠాయి పంచారు. నా మిఠాయి జేబురుమాలులో కట్టుకుని తోటకు వెళ్ళాను, ఆ రోజు నీళ్ళ వంతు నాది. ఆగస్టు 18న కోశాం. ఇరవై ఒకటిలో ఆరు కలవలేదు. పదిహేను వచ్చాయి. డెబ్భై రోజులు.

తల్లి చెట్టు ఆ కార్తీకంలో వీచిన గాలికి గాయం దగ్గరే విరిగి పడింది.

రెండు కాయలు

నీడలో పెంచుతుండగా నాలుగు ఎండిపోయాయి. మరుసటి ఏడు వానల్లో పదకొండు నాటాం. ఐదు కోటేశ్వరమ్మ గారి తోటలో, ఆరు మా దగ్గర. రెండింటిని చెదలు తిన్నాయి, ఒకదాన్ని మేక మేసింది. ఎనిమిది నిలిచాయి.

1949 జనవరిలో మా దగ్గర ఒక అంటు పూసింది. చిన్న మొక్క పూస్తే పూత తుంచెయ్యాలి, అది వీరయ్య నియమం. "పసిపిల్ల మీద బిందె పెడతారా?" అని కేకలేశాడు. రెండు పిందెలకు మాత్రం ఒప్పించాను. ఒకదాన్ని ఎండలో వదిలేశాను. రెండోదానికి పిందెప్పటి నుంచీ తాటాకు గొడుగు కట్టి నీడ చేశాను. పక్కనే సువర్ణరేఖ మీద ఇలాగే రెండు కాయలకు, ఒకటి ఎండలో, ఒకటి తాటాకు కింద.

మే 21, శనివారం, నాలుగు కాయల తొక్కలూ తూచి సమానంగా తీసుకుని, నాలుగు ఒకేరకం సీసాల్లో వేశాను. సీసాలు నేనే కడిగాను, వాన నీళ్ళతో, ఆరుసార్లు. అన్నిటిలోనూ కొలిచిన ఆమ్లం. సుబ్బమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఇంకా ఎన్నిసార్లు తొలుపుతారమ్మగారూ? గాజు అరిగిపోద్ది!"

సువర్ణరేఖ ఎండకాయ ఎర్రగా దిగింది, నీడకాయలో రంగు దాదాపు లేదు. మా అంటు ఎండకాయ ముదురు ఎరుపు. నీడకాయ దానికంటే పలచన, కానీ ఎరుపే. ఏ కాయ ఎర్రబడడానికైనా వెలుతురు కావాలి. ఎంత వెలుతురు చాలు అన్నది మాత్రం చెట్టు పుట్టుకలో ఉంది. ఈ చెట్టుకు కొంచెం చాలు. నాలుగు కాయల మీద ఇంతకంటే ఎక్కువ చెప్పకూడదు, చెప్పలేదు కూడా. తర్వాతి ఐదేళ్ళు ఎనిమిది చెట్ల కాయల మీద అదే పరీక్ష చేశాను. జవాబు మారలేదు.

శేషాచలం గారు ఈ ఫలితం మీద సంతకం పెట్టేముందు నన్ను పదకొండు ప్రశ్నలు అడిగారు. లెక్కబెట్టాను. అన్నిటికీ జవాబు చెప్పగలిగాను. నా ఉద్యోగంలో నేను గర్వపడిన రోజుల్లో అది మొదటిది, ఇప్పటికీ పెద్దది. ఆ ఎనిమిది చెట్ల నుంచి నా కళ్ళముందు కట్టిన అంట్లు మూడు వందల నలభై. ఆ కాయ మొదటిసారి సంతకు వెళ్ళినప్పుడు, తెగులన్న ఆ షావుకారే తట్ట ముందు ఆగి, "ఈ రంగు ఎక్కడ దొరికిందండీ?" అని వీరయ్యను అడిగాడట. వీరయ్య ఏం జవాబు చెప్పాడో ఇక్కడ రాయలేను.

పిల్లలకు చెప్పదగ్గది ఇంతే. పోల్చే రెండు వస్తువుల్ని ఒకే పాత్రలో, ఒకే నీళ్ళతో, ఒకే రోజున పరీక్షించండి. పాత్ర ఎవరు కడిగారో, దేనితో కడిగారో కనుక్కోండి. కడిగే మనిషితో రోజూ నాలుగు మాటలు మాట్లాడండి. సుబ్బమ్మకు తెలిసిన రసాయనం నాకు పుస్తకంలో తెలుసు, చేతుల మీద చూసేదాకా గుర్తురాలేదు. కళ్ళారా చూసి రాసుకున్న మాటకూ సీసా చెప్పిన మాటకూ పొంతన కుదరకపోతే, ముందు సీసాను అనుమానించండి. తప్పు తెలిసిన రోజే, ఏ బస్సు దొరికితే ఆ బస్సెక్కి, మీరే వెళ్ళి చెప్పండి. నేను మరుసటి ఉదయం వెళ్ళి ఉంటే మూడో కొమ్మ కూడా ఉండేది కాదు.

పోయినవి

నలభై ఒక్క ఏళ్ళ టెంక చెట్టు, ఒకటి.

నేల మీద పగిలిన కాయలు, నూట నలభై మూడు.

గాలికి చీలిన అంట్లు తొమ్మిది, కలవనివి ఆరు, ఎండినవి నాలుగు, చెదలకూ మేకకూ పోయినవి మూడు. మొత్తం ఇరవై రెండు.

మే 24 నుంచి జూన్ 4 వరకు, నా చేతిలో ఉండి కూడా నేను వాడుకోని రోజులు, పదకొండు.

కోటేశ్వరమ్మ గారు ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు తోట చేశారు. మా కేంద్రానికి పరీక్షకు మళ్ళీ తెచ్చిన కాయలు, సున్న.